నాగులేటి ఒడ్డున ఆగని యుద్ధం

అన్నలారా, కారంపూడి వీర్ల తిరునాళ్ళలో మనం ఏటా అనుకునే మాటే: "అంతా నాగమ్మ వల్లే", కాదంటే "కోడిపందెం వల్లే". ఒక్క కారణంతో తేలే లెక్కేనా అది?

12వ శతాబ్దపు ఆ కథ గుర్తు చేసుకోండి. పందెం ఓడి ఏడేళ్ళు వలస పోయినోళ్ళు గడువు తీరాక మాచర్ల అడగడానికి అలరాజును రాయబారం పంపారు. ఆయన్ని చంపేశారు. నాగులేటి ఒడ్డున సైన్యాలు దిగాక కూడా బ్రహ్మనాయుడు సంధికి మొగ్గాడంటారు. కొడుకు బాలచంద్రుడే ఆగలేదు, కత్తి దూశాడు.

కాలవ మీద పైవాడు తూము ఎత్తితే చివరి పొలం ఎండుద్ది. యుద్ధమూ అంతే, ఒకడు కదిలితే అందరూ కదలాల్సిందే. పైనుంచి ఒక్కడి ఆజ్ఞతో అది నడవదు. అందుకే 19వ శతాబ్దంలో ప్రష్యా సేనాని మోల్ట్కే ఏం సాధించాలో చెప్పి, ఎలా అనేది కింది అధికారులకే వదిలాడు.

చాపకూడుతో అన్ని కులాల్నీ ఒక్క బంతిలో కూర్చోబెట్టిన మనిషి బ్రహ్మనాయుడు. సంధి ఎందుకన్నది మాత్రం సొంత కొడుక్కే ఎక్కించలేకపోయాడు. రెండు వైపులా వీరులు రాలిపోయారు. ఈసారి వీర్ల గుడిలో దణ్ణం పెట్టేటప్పుడు ఆ తండ్రిని కూడా తలుచుకోండి.