సికిందరాబాదా? నాంపల్లా? కాచిగూడా?

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే హైదరాబాదులో వుండే సాఫ్టువేరోళ్ళకి ముందుగా పట్టుకునే బెంగ ఒకటే: వాళ్ళు ఎక్కడ దిగుతారో! కొడుకు ఒక స్టేషన్లో, తల్లిదండ్రులు ఇంకో స్టేషన్లో గంటలకొద్దీ ఎదురుచూసిన కథ ప్రతి ఆఫీసులోనూ ఒకటి వుంటుంది. లంచ్ టైములో నవ్వుకుంటూ చెప్పుకుంటాం. చివర్లో తీర్పు కూడా మామూలే, "పెద్దాళ్ళు కదా, కన్ఫ్యూజ్ అయ్యారు పాపం" అని.

నాకు ఈ తీర్పంటే ఒళ్ళు మంట. ఎందుకో చెప్తాను.

2004లో మా అమ్మానాన్నలు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వచ్చారు. సికిందరాబాద్‌లో దిగమని ఫోన్లో చెప్పాను. బండి వచ్చింది, జనం దిగారు, బండి వెళ్ళిపోయింది, వీళ్ళు మాత్రం లేరు. అప్పటికి నాన్న దగ్గర సెల్లు లేదు. గంటన్నర తర్వాత నాంపల్లి నుంచి, ఎస్టీడీ బూత్ వెతుక్కుని ఫోన్ చేశారు. అమ్మకి షుగరు. టిఫిన్ టైము ఎప్పుడో దాటిపోయింది. నేను వెళ్ళేసరికి ఓ బెంచీ మీద వాలిపోయి కూర్చుని వుంది. నాన్న మాత్రం తాపీగా ఒక ప్రశ్న అడిగారు. "టికెట్టు మీద హైదరాబాద్ అని వుంది. నువ్వుండేదీ హైదరాబాదే. మధ్యలో సికిందరాబాద్‌లో ఎందుకు దిగాలిరా?"

ఆ తర్వాత రెండేళ్ళ పాటు వాళ్ళు రాలేదు. "నువ్వే రారా, మాకెందుకొచ్చిన గొడవ" అనేవారు.

నాన్న ప్రశ్నకి జవాబు కావాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1798లో నిజాముకీ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం జరిగింది. దాని ప్రకారం కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన మకాం పెట్టింది. ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికే 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికిందరాబాద్ అని పేరొచ్చింది. అంటే మనం జంటనగరాలు అని ముద్దుగా పిలుచుకునేవి మొదట్నించీ జంటేమీ కావు. ఒకటి నిజాం రాజధాని, ఇంకోటి ఇంగ్లీషువాళ్ళ కంటోన్మెంటు.

1871 నాటికి బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ మెయిన్ లైన్లోని వాడి నుంచి ఒక లైను 1874లో మన దగ్గరకి వచ్చింది, సుమారు 190 కిలోమీటర్లు. దివాను మొదటి సాలార్‌జంగ్, డబ్బు నిజాం ఖజానాది. మరి రైలు ఆగిందెక్కడ? చార్మినార్ దగ్గరా? కాదు, సికిందరాబాద్‌లో. ఇంగ్లీషువాళ్ళకి కావలసింది దండుకి దారి. సైన్యాన్నీ సామాన్లనీ బొంబాయి, మద్రాసుల నుంచి త్వరగా చేరవెయ్యాలి. రాజధాని జనం సంగతి తర్వాత.

ఈ రైల్వే పెట్టుబడి లెక్కల మీద అప్పుడే జనం నిలదీశారు కూడా. లండన్ కంపెనీకి లైను అప్పజెప్పి, పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ప్రభుత్వమే హామీ వుండే ఏర్పాటు అది. (నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులో 'గ్యారంటీ' ఇదే!) 1883లో ఈ చాందా రైల్వే స్కీము గురించి ప్రశ్నించినందుకు అఘోరనాథ్ చటోపాధ్యాయని హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. ఈయన సరోజినీ నాయుడి నాన్నగారు.

ఆ లైనే వరంగల్ మీదుగా సాగి 1889లో బెజవాడ చేరింది. అందుకే కోస్తా నుంచి వచ్చేవాళ్ళకి ఈనాటికీ ముందు తగిలేది సికిందరాబాదే. అసలు హైదరాబాదుకి చెప్పుకోదగ్గ స్టేషన్ 1907లో గానీ రాలేదు. అదే నాంపల్లి. బండి సికిందరాబాద్ దాటి, హుస్సేన్‌సాగర్ పక్కనుంచి వంపు తిరిగి అక్కడికి వెళ్ళి ఆగిపోతుంది. ఇక ఆ స్టేషన్‌కి ఎన్ని పేర్లో చూడండి. టికెట్టు మీద హైదరాబాద్ దక్కన్ (సింధులో ఇంకో హైదరాబాద్ వుంది కదా, అందుకని దక్కన్), ఆటోవాడి నోట్లో నాంపల్లి, కంప్యూటర్లో హెచ్‌వైబీ. ఒకే స్టేషన్‌కి మూడు పేర్లు పెట్టి, కన్ఫ్యూజ్ అయ్యారని పెద్దాళ్ళని అంటాం!

సరే, కాచిగూడ సంగతేంటి? దానికి కారణం గేజి. వాడి లైను బ్రాడ్ గేజి, పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 1900 ప్రాంతంలో నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కి వేసిన లైను మీటర్ గేజి, 1000 మిల్లీమీటర్లు. ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. మీటర్ గేజి దక్షిణానికి, మహబూబ్‌నగర్, గద్వాల వైపు సాగుతుంటే 1916లో కాచిగూడ స్టేషన్ కట్టారు. ఆ లైనే తర్వాత కర్నూలు, డోన్ దాకా వెళ్ళింది. ఇప్పుడు మీ ఆఫీసులో చూడండి. రాజమండ్రి, ఏలూరు వాళ్ళ అమ్మానాన్నలు సికిందరాబాద్ గురించి మాట్లాడతారు, కర్నూలు వాళ్ళు కాచిగూడ గురించి మాట్లాడతారు. మీ ఊరికి ఏ గేజి పట్టాలు వేశారన్నదాన్ని బట్టి వందేళ్ళ కిందటే మీ స్టేషన్ ఖాయమైపోయింది.

తర్వాత ఈ మీటర్ గేజి లైన్లని బ్రాడ్ గేజికి మార్చారు. అంటే కాచిగూడ విడిగా వుండాల్సిన కారణం పోయింది, కాచిగూడ మాత్రం మిగిలింది. ఇలాంటిదాన్ని మన భాషలో ఏమంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు. లెగసీ సిస్టమ్! ఎప్పుడో ఎవరి అవసరానికో రాసిన మాడ్యూల్ అది. అవసరం తీరిపోయినా ఎవడూ తీసెయ్యడు, దాని మీద ఇంకో పది ఆధారపడి వుంటాయి కాబట్టి.

ఇది మన ఒక్క ఊరి గొడవే కాదు. చెన్నైలో సెంట్రల్ బ్రాడ్ గేజిది, ఎగ్మూరు ఒకప్పుడు మీటర్ గేజిది. బెంగుళూరులో కంటోన్మెంట్ స్టేషన్ 1864 నాటిది, సిటీ స్టేషన్ వేరు. దండుకొకటి, ఊరికొకటి, గేజికొకటి. ప్రయాణికుడి కోసం ఆలోచించి ఒకటి అన్నది ఎక్కడా కనపడదు.

మనమేమన్నా సర్దామా అంటే, ఇంకా తలుపులు పెంచాం. 1994లో బస్సులు గౌలిగూడ నుంచి ఇమ్లీబన్‌కి మారాయి, జూబ్లీ బస్టాండ్ వేరే. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి వెళ్ళిపోయాయి. కొన్ని రైళ్ళు లింగంపల్లి దాకా వెళ్తున్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలైంది. న్యాయంగా చెప్పాలంటే కలిపే పనులూ జరిగాయి. 2003లో ఎంఎంటీఎస్, 2017లో మెట్రో వచ్చాయి. 2020లో జూబ్లీ బస్టాండుకీ ఇమ్లీబన్‌కీ మెట్రో కలిసింది. కాకపోతే రెండు సంచులు, ఒక ఆవకాయ జాడీ, మోకాళ్ళ నొప్పులతో దిగినవాళ్ళకి ఈ మ్యాపంతా ఎవరు చెప్తారు?

మన ప్రోగ్రాముని పదిమంది యూజర్లు ఒకేలా తప్పుగా వాడితే యూజర్లని తిట్టం, స్క్రీను మారుస్తాం (కనీసం మార్చాలి!). అదే మర్యాద కన్నవాళ్ళకి ఎందుకివ్వం? వాళ్ళు దారి తప్పినచోట ఒక కంటోన్మెంటు, ఒక సంస్థానం, రెండు గేజిలు వున్నాయి. చరిత్ర తెలిసిన మనకే పదిసార్లు చెప్తేగానీ గుర్తుండని విషయం అది.

అందుకని ఇప్పుడు నేను చేసేది చిన్న పని. స్టేషన్ పేరు ఒక్కటే చెప్పను. "హైదరాబాద్ అని వినపడినా కూర్చోకండి, మౌలాలి తర్వాత వచ్చే పెద్ద స్టేషన్, అక్కడే సగం బండి దిగిపోతుంది, మీరు సీట్లోంచి లేచి అక్కడే వుండండి, నేనే బోగీ ఎక్కుతాను" అని చెప్తాను. ఎందుకలాగో కూడా చెప్తాను, ఇంగ్లీషు దండు కథతో సహా. కారణం తెలిసిన విషయం మర్చిపోరు. పైగా పక్క సీటు వాళ్ళకి కూడా చెప్తారు.

పాతికేళ్ళు పోయాక మన పిల్లలుండే ఊళ్ళలో ఏ స్టేషన్లు, ఏ టెర్మినళ్ళు వుంటాయో! మనం తప్పుగా దిగినప్పుడు వాళ్ళ ఆఫీసు లంచ్‌లో ఏం చెప్పుకుంటారన్నది, ఇప్పుడు మనం ఏం చెప్పుకుంటున్నామో దాన్ని చూసే నేర్చుకుంటారు.