నిచ్చెన మెట్లవలె దీపాలు

పత్తికొండలో ఒక ఇంట దీపము ఆర్పినంత మాత్రాన పక్కయింటి దీపము ఆరిపోదు; ఆదోనిలో ప్రత్తి మిల్లు ఆగదు. ఇందులో వింత యేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. 1880 ప్రాంతమున ఇది వింతయే.

ఆనాడు నగర వీధులలోని ఆర్కు దీపాలను దండలో పూలవలె ఒకే తీగకు వరుసగా గ్రుచ్చెడివారు. ఉన్న వోల్టేజిని దీపాలన్నీ పంచుకొనవలెను. తీగ ఒకచోట తెగినచో వరుస అంతయు చీకటి. వీధికి ఇది చాలును గాని సంసారుల ఇండ్లకు పనికిరాదు. మన దీపము మన చేతిలో ఉండవలె గదా! 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధి కేంద్రమునుండి ఎడిసన్ విద్యుత్తును పంపినప్పుడు, దీపాలను రెండు తీగల నడుమ నిచ్చెన మెట్లవలె విడివిడిగా కలిపినారు. ఇదియే సమాంతర సంధానము. మెట్లెన్ని యున్నను నిచ్చెన కొయ్యల నడుమ ఎడము ఒక్కటే. అట్లే ప్రతి దీపమునకు అందే వోల్టేజి ఒక్కటే. కరెంటు మాత్రము ఎవరికి కావలసినది వారు తీసుకొందురు. ఆ మొత్తమంతయు మూలపు తీగపై పడును.

చిక్కు అక్కడనే ఉన్నది. తీగకును నిరోధము కలదు. రానుపోను నాలుగు ఓముల నిరోధమున్న లైనులో, చివరివరకు పది ఆంపియర్లు ప్రవహించినచో, నలభై వోల్టులు దారిలోనే ఖర్చగును. 230తో బయలుదేరినది 190గా చేరును. సాయంత్రము ఊరి చివర ఎర్రబారిన దీపము అర్ధరాత్రి తెల్లగా వెలుగుటకు కారణమిదే. మోటారు సంగతి ఇంకను విషమము. వోల్టేజి తగ్గినకొలది అది ఎక్కువ కరెంటు లాగును; లైను మరింత కుంగును.

ఎడిసన్ రాగి తీగను లావు చేసినాడు. రాగి ప్రియమైనది గనుక ఆయన వెలుగు కేంద్రమునుండి ఎక్కువ దూరము సాగలేదు. గోలార్, గిబ్స్ అనువారు ట్రాన్స్‌ఫార్మర్లను వరుసగా కలుపగా, ఒకరి వాడకము మారినప్పుడెల్ల ఇంకొకరి వోల్టేజి చెదరెడిది. 1885లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారములో జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, దేరీ వానిని సమాంతరముగా కలిపి చిక్కు విప్పినారు. హెచ్చు వోల్టేజిలో అదే శక్తికి కరెంటు తక్కువ, తీగలో నష్టమును తక్కువ. తుంగభద్ర ఆనకట్టవద్ద 1957లో మొదలైన విద్యుదుత్పత్తి దూరపు ఊళ్లకు నడచినది ఈ బాటనే.

ఇటీవలి దశాబ్దాలలో ఆంధ్రదేశమున పలుచోట్ల పొడవైన లైనుకు బదులు, కొద్దిమంది రైతులకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరును పొలాల దగ్గరనే నిలిపినారు. మా దృష్టిలో పత్తికొండ వంటి మెట్టసీమకు ఇది మిల్లుల పట్టణముకంటె ముందు చేయవలసిన పని. లైను చివర మోటారు కాలినచో, తీగ మరల చుట్టించు ఖర్చు ఆ రైతుదే.