మోసగించి తీసుకోవడం, తీసుకొని మోసగించడం: 'చీట్' క్రియ వాక్యచరిత్ర

ప్రవేశిక

వంచనార్థంలోని ఆంగ్ల క్రియలలో 'చీట్' తెలుగువారికి బాగా పరిచితమైనది. 'చీటింగ్ కేసు', 'ఫోర్ ట్వంటీ' అనేవి నేడు దాదాపు తెలుగు మాటలే. అయితే ఆంగ్లంలో ఈ క్రియ ఎటువంటి వాక్యాలలో కుదురుకొన్నదో, చట్టం దాని అర్థాన్ని ఎక్కడ కుదించిందో, తెలుగు 'మోసం' దానికి ఎంతవరకు సమానమో విడివిడిగా చూడవలసి ఉంది. ఈ ప్రశ్న నిఘంటువులకే పరిమితమైనది కాదు. సొమ్ము పోగొట్టుకొన్నవాడు తన బాధను చెప్పుకొనే వాక్యంలో ఏ పని ముందు జరిగింది, ఏది తరువాత జరిగింది అన్నది నేరానికీ ఒప్పందభంగానికీ మధ్య గీత గీస్తుంది.

పదమూలం

'చీట్' అనేది 'ఎస్చీట్' అనే పదం ఆదిభాగాన్ని కోల్పోగా ఏర్పడిన రూపం. ప్రాచీన ఫ్రెంచి ద్వారా వచ్చిన ఈ పదానికి 'పడు' అనే అర్థం గల లాటిన్ ధాతువు మూలం. మధ్యయుగ ఇంగ్లండులో భూమిని అనుభవించేవాడు వారసులు లేకుండా మరణిస్తే ఆ భూమి తిరిగి ప్రభువుకు దక్కేది. ఆ విధానం పేరే ఎస్చీట్. దీనికి మన సంప్రదాయంలో దగ్గరి మాట 'రాజగామి'. అభిజ్ఞానశాకుంతలం ఆరవ అంకంలో సంతానం లేని ధనమిత్రుడనే వర్తకుడు ఓడ మునిగి మరణించగా, అతని ధనం రాజగామి కావలసి ఉన్నదని మంత్రి నివేదిస్తాడు. వర్తకుని భార్యలలో ఒకరు గర్భవతి అని తెలిసి దుష్యంతుడు ఆ ధనాన్ని గర్భస్థశిశువుకే విడుస్తాడు.

ఇంగ్లండులో ఇటువంటి ఆస్తులను విచారించి స్వాధీనం చేసుకొనే అధికారి 'ఎస్చీటర్'. ఆ అధికారుల అక్రమాల మీద జనానికి కలిగిన అనుమానం పదం మీదికి పాకింది. పదహారవ శతాబ్ది చివరికి 'చీట్' చేయడమంటే వంచించడమే అయింది. షేక్‌స్పియర్ 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్' మొదటి అంకంలో ఇద్దరు గృహిణుల సొమ్ముకు ఆశపడిన ఫాల్‌స్టాఫ్ ఈ పదంలోని రాజాధికారి అర్థాన్నీ వంచకుడి అర్థాన్నీ కలిపి శ్లేషిస్తాడు. అప్పటికి రెండర్థాలూ శ్రోతలకు తెలిసినవే అయి ఉండాలి.

గౌరవస్థానం నుండి వంచనార్థానికి దిగజారడం తెలుగుకు కొత్త కాదు. నుదుటి నామం, తలపై పెట్టే శఠగోపం భక్తికి చిహ్నాలు. 'నామం పెట్టు', 'శఠగోపం పెట్టు' అనే జాతీయాలలో మాత్రం అవి సొమ్ము ఎగవేతకు సంకేతాలు. తల వంచినవాడే నష్టపోయాడన్న ఎత్తిపొడుపు ఈ పలుకుబళ్లలో ఉన్నది.

కర్మ మారిన తీరు

'ఎస్చీట్' అర్థంలో ఉన్నంతకాలం ఈ క్రియకు కర్మ ఆస్తి. వంచనార్థం స్థిరపడిన తరువాత కర్మస్థానంలోకి మనిషి వచ్చాడు. పోయిన ఆస్తి 'ఆఫ్', 'అవుట్ ఆఫ్' అనే విభక్త్యర్థకాల వెనక్కి జరిగింది. అంటే ఆంగ్ల వాక్యం 'ఫలానావానిని ఫలానా ఆస్తి నుండి వంచించాడు' అన్న రీతిలో నడుస్తుంది. పేకాటలోనో పరీక్షలోనో జరిగే అక్రమానికి 'ఎట్', 'ఇన్' చేరి, క్రియ అకర్మకమవుతుంది. దాంపత్యద్రోహానికి 'ఆన్' చేరడం ఇరవయ్యో శతాబ్దిలో అమెరికన్ వాడుకలో బలపడింది.

తెలుగు ఈ ప్రయోగాలన్నిటినీ ఒకే మాటతో స్వీకరించలేదు. పరీక్షలో చేసే పనికి 'కాపీ కొట్టడం' అన్న మాటే స్థిరపడింది. ప్రేమలోనో స్నేహంలోనో జరిగిన ద్రోహానికి 'చీట్ చేశాడు' అని, పోలీసు వ్యవహారానికి 'చీటింగ్' అని వాడుక ఏర్పడింది.

నీలిమందు ఉదాహరణ

1860లో చేసిన భారత శిక్షాస్మృతి 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అందులో 415వ సెక్షన్ ఈ క్రియను నిర్వచించింది. మొదట ఒకరిని భ్రమపెట్టాలి. ఆ భ్రమ వల్లనే అతడు ఆస్తిని అప్పగించాలి, లేదా తనకు హాని కలిగే పని చేయాలి. వంచితుడు తన చేతులతో తానే ఇవ్వడం దొంగతనానికీ దీనికీ ముఖ్య భేదం. ఆస్తి అప్పగింతతో కూడిన వంచనకు 420వ సెక్షన్ ఏడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించింది. ఆ సంఖ్యే తరువాత మోసగాడికి మారుపేరయింది.

ఈ నిర్వచనానికి చేర్చిన ఉదాహరణలలో ఒకటి నీలిమందు మొక్క గురించినది. ఇచ్చే ఉద్దేశం లేకుండానే ఇస్తానని నమ్మించి ముందుసొమ్ము తీసుకొన్నవాడు మోసగాడు. తీసుకొన్ననాడు ఇచ్చే ఉద్దేశం ఉండి, తరువాత మాట తప్పినవాడు మోసగాడు కాడు, సివిలు దావాకు మాత్రమే బాధ్యుడు. ఈ ఉదాహరణకు కాలసందర్భం ఉన్నది. బెంగాలులో నీలిమందు రైతుల తిరుగుబాటు సాగుతున్న రోజులవి. అదే 1860లో వచ్చిన 11వ చట్టం ముందుసొమ్ము పుచ్చుకొని సాగు చేయని రైతును తాత్కాలికంగా శిక్షార్హుణ్ణి చేసింది. శిక్షాస్మృతి నేరం కాదన్నదానిని ఆ చట్టం కొంతకాలం నేరంగా చూసింది. ఉద్దేశం ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్న రైతుకు జైలుకూ ఇంటికీ మధ్య ఉన్న దూరం. వంచనోద్దేశం ఆరంభంలోనే ఉండాలన్న ఈ సూత్రాన్ని 2000లో హృదయరంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం 318వ సెక్షన్ కిందికి వచ్చింది.

తెలుగు వాక్యంలో పౌర్వాపర్యం

తెలుగు 'మోసం' పరిధి విస్తృతమైనది. 'ప్రాణమోసం' అన్నప్పుడు దానికి అపాయమనే అర్థం. 'మోసపోయాడు' అన్న వాక్యానికి కర్త నష్టపోయినవాడే, మోసగించినవాడి ప్రస్తావన అవసరం లేదు. మాట తప్పినా, ఆశ భంగపడినా తెలుగులో అది మోసమే. చట్టంలోని మూడు వేర్వేరు భావనలు, అంటే భ్రమపెట్టడం, కపటోద్దేశం, అక్రమలాభేచ్ఛ, ఒక్క 'మోసం' అనే మాటతోనే అనువదితమైతే నిర్వచనం తనచుట్టూ తానే తిరుగుతుంది.

పదంలో లేని ఈ స్పష్టత తెలుగు వాక్యనిర్మాణంలో ఉన్నది. ఆంగ్లం విభక్త్యర్థకంతో చెప్పేదానిని తెలుగు క్త్వార్థకంతో చెబుతుంది. 'మోసగించి తీసుకొన్నాడు' అంటే వంచన ముందు, గ్రహణం తరువాత. ఇది 420వ సెక్షన్ క్రమం. 'తీసుకొని మోసగించాడు' అంటే గ్రహణం ముందు, వంచన తరువాత. ఇది సందర్భాన్ని బట్టి ఒప్పందభంగం కావచ్చు, నమ్మకద్రోహమూ కావచ్చు. అసమాపక క్రియ స్థానం మారితే అభియోగమే మారుతుంది. అయితే నిత్యవ్యవహారంలో సహజంగా వచ్చేది 'డబ్బు తీసుకొని మోసం చేశాడు' అన్న రెండవ వాక్యమే. నష్టపోయినవాడు తనకు తెలిసిన క్రమంలో చెబుతాడు: ఇచ్చినది ముందు, మోసమని తెలిసినది తరువాత. చట్టం అడిగేది ఎదుటివాడి మనస్సులో జరిగిన క్రమం. ఈ రెండు క్రమాల తేడాను గుర్తించకుండా ఫిర్యాదును రాసినా, అనువదించినా, నిజంగా వంచితుడైనవాడి మాట ఒప్పందభంగంగా కనిపించే ప్రమాదం ఉన్నది. మాట నిలుపుకోలేకపోయినవాడు నేరస్థుడిగా కనిపించే ప్రమాదమూ అంతే ఉన్నది.

ముగింపు

ఆస్తి ప్రభువుకు దక్కే విధానం పేరు నుండి పుట్టిన క్రియ, దాన్ని అమలుచేసే అధికారిపై నిందగా మారి, చివరికి ప్రజలను శిక్షించే చట్టంలో చేరింది. ఈ ప్రయాణంలో దాని కర్మ ఆస్తి నుండి మనిషికి మారింది, దాని సారం ఫలితం నుండి ఉద్దేశానికి మారింది. తెలుగులోకి 'చీటింగ్' అనే పేరు వచ్చినంత సులువుగా ఈ కాలక్రమనియమం రాలేదు. దానిని చెప్పగల సాధనం తెలుగు వ్యాకరణంలో ముందునుంచీ ఉన్నది. చట్టాల తెలుగు అనువాదంలో సమానపదాల కోసం చేసే అన్వేషణతోపాటు, క్త్వార్థకం వంటి వాక్యసాధనాల మీద కూడా దృష్టి నిలపవలసి ఉన్నది.