కస్తూరిబాయి



ప్రజానాయకుల చరిత్రములు వ్రాయువారు పెక్కుమంది కలరు. వారి యిల్లాండ్ర కథ ఆ గ్రంథములలో ఏ మూలనో నాలుగు పంక్తులకు మించియుండదు. నేడు అట్టి యొక యిల్లాలిని గూర్చి మనవి చేసెదను.

కస్తూరిబాయి 1869లో పోరుబందరున జన్మించెను. బాల్యముననే మోహనదాసు గాంధీకి భార్యయయ్యెను. పుట్టింట చదువు చెప్పించలేదు. 1897లో భర్తతో దక్షిణాఫ్రికాకు బోయి, డర్బను రేవున దిగిన దినముననే, తెల్లవారి మూక చేత దెబ్బలు తిని వచ్చిన భర్తను జూచెను.

1913 మార్చిలో కేపు న్యాయస్థానము క్రైస్తవ పద్ధతిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పెను. ముప్పదియేండ్లు కాపురము చేసిన యిల్లాలు చట్టమునకు భార్య కాకపోయెను! ఆ సెప్టెంబరున ఆమె ట్రాన్సువాలు సరిహద్దు దాటి పట్టువడి, మూడు మాసములు కఠిన శిక్ష ననుభవించెను. ఆ పోరాటమున భర్తకంటె ముందు చెర కేగినది ఆమెయే.

ఇక నన్ను మిక్కిలి నొప్పించు ఘట్టము. సబర్మతీ యాశ్రమమున నెవరికిని సొంత ధన ముండరాదని నియమము. ఎవరో యిచ్చిన నాలుగు రూపాయలను కస్తూరిబాయి కార్యాలయమున నొప్పగింపక తనయొద్ద నుంచుకొనెను. అంతకు ముందును కొంత సొమ్ము దాచినది బయటపడియుండెను. 1929లో గాంధీగారు ఈ సంగతి నంతయు నవజీవన్ పత్రికలో ప్రకటించిరి. పోపులపెట్టెలో నాలుగు డబ్బులు దాచని యిల్లాలు మన యూళ్లలో నెందరు? ఇంటి మాటను రచ్చబండ కెక్కించుట మన పెద్దలు మెచ్చరు. ఆయన తన తప్పులను సైతము అట్లే చాటుకొనెడివారు, నిజమే. కాని ఆయన చేత కలమును పత్రికయు నుండెను. ఆమె చేత నేముండెను?

1938లో పూరీ జగన్నాథుని గుడికి బోయినపుడును ఇంతే. హరిజనులకు ప్రవేశము లేని గుడిలో ఆమె యడుగిడినందుకు భర్త మిక్కిలి వ్యథ చెందిరి. ఆ కథయు పత్రిక కెక్కెను. ముసలి తల్లి స్వామిదర్శనమునకు బోవుట దేశవార్తయయ్యెను.

1942 ఆగస్టు 9న గాంధీగారిని నిర్బంధించిరి. నాటి సాయంకాలము బొంబాయి శివాజీపార్కు సభలో తానే మాటలాడెదనని ఆమె బయలుదేరెను. ఆమెనును పట్టుకొని, పిదప పూనాలోని ఆగాఖాన్ భవనమున నుంచిరి. అచ్చటనే 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రినాడు, భర్త యొడిలో కన్నుమూసెను. ఆయన వడికిన నూలుతో నేసిన చీర గట్టి, ఆ ప్రాంగణముననే దహనము గావించిరి. విశ్రమింపుడని తోడివారు వేడినను ఆ వృద్ధుడు చితియొద్దనుండి కదలలేదు.