దీపాలదిన్నె రాళ్ళు

ఏ ఊరి మ్యూజియం చరిత్ర అడిగినా ఒకటే వరస. ఫలానా జమీందారుగారు నాణేలిచ్చారు, ఫలానా పంతులుగారు తాళపత్రాలిచ్చారు, ఫలానా మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. అంటే వస్తువులు వచ్చిన కథ అన్నమాట. మా గుంటూరు సీమలోని అమరావతి మ్యూజియం కథ మాత్రం వెనక్కి తిప్పి చదువుకోవాలి. అక్కడ వున్న రాళ్ళకంటే లేని రాళ్ళకే చరిత్ర ఎక్కువ.

2015లో రాజధానికి పేరు పెట్టిన అమరావతి సంగతి కాదు నేను చెబుతున్నది. దానికి పేరు అరువిచ్చిన పాత ఊరు, కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి వున్న చిన్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. పక్కనే ధరణికోట, ఒకనాటి ధాన్యకటకం. ఈ రెంటికీ దగ్గర్లో ఊరివాళ్ళు దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బ ఒకటి వుండేది.

దిబ్బ కింద వున్నది మహాచైత్యం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటికే మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి పెద్దదయింది. అండం కింది వేదిక అడ్డకొలత సుమారు 160 అడుగులు. చుట్టూ పలనాటి సున్నపురాతి ప్రాకారం, స్తంభం స్తంభానికీ పద్మాలు, పలక పలకకూ కథలు. ఇదంతా ఏ ఒక్క రాజో కట్టించి ఇచ్చింది కాదండోయ్. రాళ్ళమీద దాతల పేర్లున్నాయి: గృహస్థులు, సన్యాసినులు, సుగంధద్రవ్యాల వర్తకుడు, విధికుడనే చర్మకారుడు. ‘నాగబు’ అన్న మాట ఇక్కడి రాతిమీదే దొరికిందని, తెలుగు మాటల్లో మనకు కనబడిన పాతది అదేనని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చూపించారు. మామూలు మనుషులు తలో రాయీ వేసుకుని కట్టుకున్న చైత్యం. ఈ ముక్క గుర్తుంచుకుని తక్కిన కథ వినండి.

1344లో సింహళంలో వేసిన ఒక శాసనం, ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. ఆ తర్వాత చైత్యం మాట ఎవరూ ఎత్తలేదు. మట్టి కమ్మింది, చెట్లు మొలిచాయి, దిబ్బ అయి కూర్చుంది.

18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు చింతపల్లి వదిలి ఇక్కడ కొత్త పట్నం కట్టించారు. పట్నం అంటే ఇళ్ళు, ఇళ్ళంటే రాళ్ళు, ఇటుకలు. చేతికందే దూరంలో దిబ్బ నిండా చెక్కిన రాళ్ళున్నాయి! పైగా కింద నిధి వుందేమోనన్న ఆశ ఒకటి. తవ్వకం మొదలైంది. కొన్ని రాళ్ళు మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి, కొన్ని బట్టీలో కాలి సున్నమయ్యాయి. బుద్ధుడి కథలు చెక్కిన పలక గోడకి వెల్లగా మారిందంటే మనకిప్పుడు గుండె కలుక్కుమంటుంది. కాని సున్నం కాల్చినవాడికి అది సున్నపురాయే గదా. అది ఫలానా అని వాడికి చెప్పినవాడెవడు?

చెప్పగలిగినవాడు 1797లో వచ్చాడు, కాలిన్ మెకంజీ. మన కైఫీయతులు రాయించిన మెకంజీ దొరే. అప్పుడు చూసిపోయి మళ్ళీ 1816లో మనుషులతో వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం తవ్వేసి, చెరువుకని గొయ్యి చేసి పెట్టారు. ఆయన బృందం కూర్చుని మిగిలిన పలకలకు ఓపిగ్గా బొమ్మలు గీసింది. తర్వాత మాయమైన రాళ్ళలో కొన్ని ఆ కాగితాలమీదే బతికాయి. నా మటుకు నాకు ఈ కథలోని దొరలందరిలోకీ మెకంజీ మీదే గౌరవం. ఆయనా కొన్ని రాళ్ళు కలకత్తాకీ, లండనుకీ పంపకపోలేదు గాని, తీసుకుపోయిన దానికంటే రాసుకుపోయింది ఎక్కువ.

తర్వాతి వరస చూడండి. రాబర్ట్‌సన్ అనే దొరకి బందరులో కొత్త బజారు అందంగా వుండాలనిపించింది. అమరావతి పలకలు తెప్పించి బజారు నడుమ నిలబెట్టించాడు. మిఠాయి కొట్టు ముందు జాతక కథలు! ఆ రాళ్ళు చివరికి మద్రాసు చేరాయి. 1845లో గుంటూరులో అధికారం చేస్తున్న వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. దొరికినవి మద్రాసు పంపితే అక్కడ ఏళ్ళ తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 121 రాళ్ళను ఓడకెక్కించారు. లండనులో దిగాక ఏం జరిగిందంటారా? ముందు రేవు గిడ్డంగి, ఆ తర్వాత ఫైఫ్ హౌస్ అనే భవనంలోని గుర్రబ్బండ్ల కొట్టం. 1867 ప్రాంతాల్లో జేమ్స్ ఫెర్గూసన్ వేరే పనిమీద వెతుక్కుంటూ వెళ్ళి చూసేదాకా అవి అక్కడున్నట్టు పట్టించుకున్న నాథుడు లేడు. మనవాళ్ళు మెట్లకి వాడారని ముక్కున వేలేసుకున్నవాళ్ళు కొట్టంలో పడేశారు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేర్చారు. చాలాకాలం వాటిని పిలిచిన పేరు ‘ఇలియట్ మార్బుల్స్’. రాయి పాలరాయీ కాదు, ఇలియట్‌దీ కాదు. చర్మకారుడు విధికుడు తన పేరు రాయిమీద చెక్కించుకున్నాడు, ఇలియట్‌కి ఆ శ్రమ కూడా లేకపోయింది.

1877లో రాబర్ట్ స్యూయెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు శుభ్రం చేయించమన్నాడు, చేశారు. ఎంత శుభ్రంగా చేశారంటే 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి చైత్యం వుండాల్సిన చోట గొయ్యి, గట్టున రాళ్ళ పోగులు. వాటినీ మద్రాసు పంపించేద్దామన్నాడాయన. సరిగ్గా అప్పుడు కట్టడాల పరిరక్షణ చూసే అధికారి హెన్రీ కోల్ అడ్డుపడ్డాడు. అసలు రాళ్ళు పుట్టినచోటే వుండాలి, మ్యూజియాలకి అచ్చులు పోసి పంపండి అన్నాడు. నూట నలభై ఏళ్ళ కిందటి మాట ఇది, తవ్విన ఊళ్ళోనే మ్యూజియం పెట్టాలని ఇవాళ మనం అనుకునేది కూడా ఇదే. ఎవరు వింటారు? రాళ్ళు మద్రాసు వెళ్ళాయి, అక్కడి మ్యూజియం గోడల్లో గచ్చుతో పొదిగారు. ఒకసారి గచ్చులో కూర్చున్న రాయిని కదపడం ఎంత కష్టమో తర్వాతి తరాలవాళ్ళకి తెలిసొచ్చింది.

ఇదంతా అయ్యాక మిగిలినదీ, 1905 నుంచి అలెగ్జాండర్ రీ తవ్వకాల్లోనూ, స్వాతంత్ర్యం వచ్చాక 1958–59లో, మళ్ళీ 1973–75లో దొరికినదీ కలిపితే ఇప్పటి పురావస్తు శాఖవారి మ్యూజియం. చిన్నదే. పద్మాల స్తంభాలు, నిలువెత్తు బుద్ధుడు, జీవకళ వుట్టిపడే రాతి ఎద్దు, లింగరాజుపల్లి నుంచి వచ్చిన ధర్మచక్రపు పలక, ఆవరణలో ప్రాకారం ఎలా వుండేదో తెలిసేలా నిలబెట్టిన కొంత భాగం. పాత పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ ఆసనం, పాదాలు, చెట్టు, అంతే. చుట్టూ జనం దణ్ణాలు పెడుతూ వుంటారు.

నేను వెళ్ళిన రోజు ఒక ముసలావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. స్తంభం ముక్కని కాసేపు తేరిపార చూసి, “ఇట్టాంటిదే మా పుట్టింటి వాకిట్లో వుండేదిరా, దానిమీదే బట్టలుతికేవాళ్ళం” అంది. మనవడు వెంటనే, “ఇప్పుడేదే నాయనమ్మా?” అన్నాడు. “ఏమో, అన్నయ్య ఇల్లు కట్టినప్పుడు పునాదిలో కలిసిపోయి వుంటుంది” అందావిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా. నాకు ఆమెను తప్పుపట్టబుద్ధి కాలేదు. రాయి ఆ ఇంటికిందైనా వుంది, అదీ ఈ ఊళ్ళోనే.

పైగా ఆ అలవాటు చైత్యం కట్టినవాళ్ళకీ వుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక వుంది. ఒకవైపు ఖాళీ ఆసనాన్ని కొలిచే జనం, పాత శిల్పం. కొన్ని తరాలు గడిచాక శిల్పులు అదే రాయిని తిరగేసి రెండోవైపు చైత్యం మొత్తాన్ని చెక్కారు, ప్రాకారంతో, ద్వారం దగ్గర సింహాలతో, పైన దేవతలతో సహా. అసలు చైత్యం ఎలా వుండేదో మనం వూహించుకోగలుగుతున్నది ఇలాంటి పలకల పుణ్యాన. రాయి వృథా చేయడం వాళ్ళకీ ఇష్టంలేదు. తేడా ఏమిటంటే వాళ్ళు తిప్పి మళ్ళీ అక్కడే పెట్టారు.

లండను గదిలో అద్దాల వెనక, చల్లటి దీపాల కింద ఆ పలకలు భద్రంగా వున్నాయి, నేను కాదనను. ఇక్కడే వుంటే కొన్ని సున్నమయ్యేవి, అదీ కాదనను. కాని గొయ్యి ఎక్కడుందో, నది ఎటు పారుతుందో, ఆ రాతిమీద పేరున్న మనుషులు ఏ గాలి పీల్చారో లండనువాళ్ళు బోర్డు రాసి పెట్టాలి. ఇక్కడ బోర్డు అక్కర్లేదు. మ్యూజియం చూసి బయటికి వచ్చి నాలుగడుగులు వేస్తే చైత్యం గుండ్రటి అడుగుభాగం గడ్డిలో కనిపిస్తుంది. చుట్టూ ఒక ప్రదక్షిణం చేయవచ్చు. నేను చేశాను. తీరిగ్గా నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు.

గుంటూరు నుంచి బస్సులున్నాయి. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు.