ఫెంజైసిన్లు

బాసిల్లస్ సబ్టిలిస్ వంటి బ్యాక్టీరియా తయారుచేసే లిపోపెప్టైడ్లు. యాంటీబయాటిక్‌లకు లొంగని రకాలు సహా స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే వ్యాధికారక బ్యాక్టీరియాను ఇవి పేగులో నిలదొక్కుకోనివ్వవు. చంపకుండానే ఆ పని చేయడం వీటి గొప్ప విశేషం. స్టాఫిలోకాకస్ కణాలు చిన్న పెప్టైడ్లను వదిలి, చుట్టూ తమవారెందరున్నారో పసిగడతాయి. ఫెంజైసిన్ ఆ సంకేతం చేరే గ్రాహకాన్ని ఆక్రమిస్తుంది. సంకేతం అందని కణాలు పేగులో స్థిరపడలేవు.

థాయ్‌లాండ్‌లో 200 మంది గ్రామీణులను పరీక్షించగా, మలంలో బాసిల్లస్ ఉన్న ఏ ఒక్కరిలోనూ స్టాఫిలోకాకస్ ఆరియస్ కనిపించలేదు. ఈ ఫలితం 2018లో 'నేచర్'లో వెలువడింది. అదే దేశంలో జరిపిన క్లినికల్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. దాదాపు నెలపాటు రోజూ బాసిల్లస్ తీసుకున్నవారి మలంలో స్టాఫిలోకాకస్ ఆరియస్ 96.8 శాతం తగ్గింది. ముక్కులోనూ 65.4 శాతం తగ్గడం మరీ ఆశాజనకం. పేగులోని మిగతా సూక్ష్మజీవుల సమతుల్యం చెడలేదు.