సిన్సినాటిలో ఒక శ్రమల వారము



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయినా ఒక తల్లి మాత్రం చాప మీద నుంచి లేవలేదు. దగ్గరికి వెళ్తే, "అయ్యగారూ, మా వాణ్ణి టౌన్లో పోలీసులు పట్టుకెళ్ళి రెండు రోజులు ఉంచి కొట్టారండీ. కాళ్ళు వాచిపోయి నడవలేకపోతున్నాడు. కేసు కూడా లేదు" అని ఏడ్చింది. సాయంత్రానికి ఈ సంగతి పేటంతా తెలిసింది. పెద్దలు, "పోలీసోళ్ళతో మనకెందుకమ్మా, ప్రార్థన చేసుకుందాం, దేవుడే చూసుకుంటాడు" అన్నారు. కుర్రాళ్ళు, "రోడ్డు మీద నాలుగు టైర్లు తగలబెడితేనే గాని వీళ్ళకి తెలియదు" అన్నారు. అందరూ చివరికి నా వైపు చూశారు. ఆ రాత్రి నాకు సరైన జవాబు దొరకలేదు.

ఊరుకోవడం, తగలబెట్టడం. ఈ రెండు తప్ప మూడో దారి లేదా? ఈ ప్రశ్నతో చరిత్ర చదువుతుంటే అమెరికాలోని ఒక పట్టణం నన్ను ఆపేసింది. ఆ కథ జరిగింది శ్రమల వారములోనే. అందులో ఒక కాపరి, ఒక సంఘము కూడా ఉన్నారు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

ఒహాయో నది ఒడ్డున సిన్సినాటి అనే పట్టణం ఉంది. బానిసత్వం ఉన్న రోజుల్లో నదికి దక్షిణాన ఉన్న కెంటకీలో నల్లజాతి వారిని కొని అమ్మేవారు. ఉత్తరాన ఉన్న ఒహాయోలో బానిసత్వం లేదు. కాబట్టి ఎందరో ప్రాణాలకు తెగించి ఆ నది దాటారు. వారికి అది యొర్దాను లాంటిది. అయితే నది దాటినంత మాత్రాన కనాను దొరకలేదు. దాదాపు వంద సంవత్సరాల తరువాత, పెద్ద రహదారి కోసం, పట్టణాభివృద్ధి కోసం అని వెస్ట్ ఎండ్ పేటలో నల్లజాతి వారి ఇళ్ళు వేల సంఖ్యలో కూల్చివేశారు. వారిలో చాలామంది పక్కనే ఉన్న ఓవర్-ద-రైన్ అనే పాత పేటకు చేరారు. ఒకప్పుడు జర్మనీ నుంచి వచ్చినవారు కట్టుకున్న పేట అది. పేదరికం పెరిగింది, పోలీసుల నిఘా కూడా పెరిగింది. 1967లో, 1968లో ఆ పట్టణంలో అల్లర్లు జరిగాయి. కమిటీలు కూర్చున్నాయి, నివేదికలు వచ్చాయి. అవి బీరువాల్లోకి వెళ్ళిపోయాయి.

ఇక 2001కి వద్దాం. ఏప్రిల్ 7, శనివారం. తెల్లవారితే మట్టల ఆదివారము. అర్ధరాత్రి దాటి రెండు గంటల వేళ తిమోతి థామస్ అనే 19 ఏళ్ళ నల్లజాతి యువకుణ్ణి ఓవర్-ద-రైన్ వీధుల్లో పోలీసులు తరిమారు. మన సంఘాల్లో ఎంతమంది తిమోతిలు లేరు! అతని మీద 14 వారెంట్లు ఉన్నాయి. వినడానికి పెద్ద నేరస్థుడిలా ఉంటాడు గాని వాటిలో ఎక్కువ భాగం లైసెన్సు లేకుండా బండి నడపడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం వంటివి. పరుగెత్తి ఒక చీకటి సందులోకి వెళ్ళాడు. స్టీఫెన్ రోచ్ అనే పోలీసు ఒక్క గుండు పేల్చాడు. తిమోతి చేతిలో ఏ ఆయుధమూ లేదు. ఇంటి దగ్గర మూడు నెలల కొడుకు ఉన్నాడు.

1995 నుంచి ఆ పట్టణ పోలీసుల వల్ల చనిపోయిన నల్లజాతి పురుషుల్లో తిమోతి 15వ వాడు. నిజం చెప్పుకోవాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను: ఆ 15 మందిలో ఆయుధాలు పట్టుకున్నవారూ ఉన్నారు. అన్ని చావులూ ఒకలాంటివి కావు. అయితే ప్రతి చావు తరువాతా ప్రజలు వేసిన ప్రశ్న ఒకటే, "మాకు జవాబు ఎవరు చెబుతారు?" అని. ఆ ప్రశ్నకు ఎవరూ సరిగా బదులు చెప్పలేదు.

సోమవారం తిమోతి తల్లి ఏంజెలా లీజర్ నగర సభకు వెళ్ళింది. ఆమెతో పాటు పేట జనమూ, ఆ పేటలోనే న్యూ ప్రాస్పెక్ట్ బాప్టిస్ట్ సంఘానికి కాపరిగా ఉన్న డేమన్ లించ్ గారూ వెళ్ళారు. నా బిడ్డ ఎందుకు చనిపోయాడని ఆ తల్లి అడిగింది. గంటలు గడిచాయి. దర్యాప్తు జరుగుతోంది, ఇప్పుడేమీ చెప్పలేం అన్నారు. జనం బయటికి వచ్చి పోలీసు కార్యాలయం ముందు నిలబడ్డారు. ఆ రాత్రి రాళ్ళు పడ్డాయి. మరుసటి రోజు నుంచి దుకాణాలు పగిలాయి, మంటలు లేచాయి. ఏ నేరమూ ఎరుగనివాళ్ళను దారిలో కొట్టారు. ఆ వీధుల్లో అంగళ్ళు నడుపుకునే చిన్నవాళ్ళ సరుకు పోయింది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన దినాన్ని జ్ఞాపకం చేసుకునే గురువారం నాడు, మేయర్ చార్లీ లూకెన్ రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు వరకు కర్ఫ్యూ విధించాడు. ఆ దినాల్లో 800 మందికి పైగా అరెస్టయ్యారు.

శుభ శుక్రవారం గడిచింది. శనివారం, అనగా పునరుత్థాన ఆదివారానికి ముందు రోజు, తిమోతి భూస్థాపన ఆరాధన లించ్ గారి మందిరంలోనే జరిగింది. ఆరాధన ముగిశాక దగ్గరలోని కూడలిలో ఉన్న జనం మీద పోలీసులు సీసపు గుండ్లు నింపిన చిన్న సంచుల తూటాలు పేల్చారు. అవి సాధారణంగా ప్రాణం తీయవు గాని ఒళ్ళు కమిలిపోతుంది. గాయపడినవారిలో పిల్లలు కూడా ఉన్నారు. మరునాడు ఈస్టరు. ఆ ఉదయం ఆ మందిరంలో పునరుత్థానం గురించి ప్రకటించడం ఎంత బరువైన పనో కాపరిగా నేను ఊహించగలను.

ఇక్కడితో ఆగితే ఇది మనం ఎన్నోసార్లు విన్న కథే. మన హైదరాబాదు చూడని కథ కాదు ఇది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కుకునే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. జనం ఆగ్రహంతో నగరం అంటుకుంది, పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు వెళ్ళి, అక్కడ కోర్టులో నిందితులు విడుదలయ్యారు. సిన్సినాటిలోనూ అంతే. ఆ సెప్టెంబరులో న్యాయమూర్తి రోచ్‌ను నిర్దోషి అన్నాడు. తల్లికి కొడుకు రాలేదు, తీర్పూ రాలేదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? ఒక చిన్న తారీకు దగ్గర వచ్చింది. తిమోతి చనిపోవడానికి మూడు వారాల ముందే, 2001 మార్చిలో, లించ్ గారు నడిపిస్తున్న నల్లజాతి ఐక్య వేదిక, పౌర హక్కుల న్యాయవాదులు కలిసి ఫెడరల్ కోర్టులో దావా వేశారు. చర్మం రంగు చూసి పోలీసులు మనుషుల్ని ఆపుతున్నారని ఆ ఫిర్యాదు. ఎవరెవరిని, ఎప్పుడు, ఎక్కడ ఆపారో, ఏమి చేశారో ఒక్కొక్కరి దగ్గర కూర్చుని విని రాశారు. అప్పటికి ఏ టీవీ కెమెరా వాళ్ళవైపు తిరగలేదు. మంటలు లేచాక లోకమంతా చూసింది. కాని మంట చల్లారాక చేతిలో పట్టుకోవడానికి కాగితం ఉన్నది వీళ్ళ దగ్గరే.

న్యాయమూర్తి సుసాన్ డ్లాట్ ఇరుపక్షాలనూ కోర్టులో కొట్లాడుకోమనే బదులు కూర్చుని మాట్లాడుకోమంది. జే రోత్‌మన్ అనే మధ్యవర్తి పట్టణ ప్రజలను ఎనిమిది గుంపులుగా పిలిచాడు. నల్లజాతివారు ఒక గుంపు, తెల్లజాతివారు ఒక గుంపు, యువకులు ఒక గుంపు, సంఘ నాయకులు, సేవా సంస్థలవారు ఒక గుంపు. పోలీసులు, వారి ఇంటివాళ్ళు కూడా ఒక గుంపు. పోలీసులతో మీ సంబంధం ఎలా ఉండాలి, ఎందుకు, దానికి ఏమి చేయాలి అని అందర్నీ అడిగారు. సుమారు 3,500 మంది జవాబు రాశారు. వాటిని దగ్గర పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. కొట్టబడిన పేటవాడు కోరినదీ, పోలీసు భార్య కోరినదీ చాలా వరకు ఒకటే: గౌరవం, భద్రత, సాయంత్రానికి మనిషి క్షేమంగా ఇల్లు చేరడం.

2002 ఏప్రిల్‌లో, తిమోతి చనిపోయిన ఏడాదికి, ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. నగరం, పోలీసు సంఘం, ఐక్య వేదిక అందరూ సంతకం పెట్టారు. పోలీసులపై వచ్చే ఫిర్యాదులను పోలీసులే విచారించుకోకుండా పౌరులతో వేరే సంస్థ ఏర్పడింది. బలప్రయోగం మీద కొత్త నియమాలు వచ్చాయి. అరెస్టుల లెక్క పెంచుకోవడం కాకుండా, పేటలో గొడవకు మూలం ఏమిటో పేటవారితో కలిసి వెతికి సరిచేయాలన్నారు. ఇదంతా జరుగుతోందో లేదో చూడడానికి కోర్టు తరఫున పర్యవేక్షకుణ్ణి పెట్టారు.

ఆ పర్యవేక్షణ 2008 వరకు సాగింది. దారి సాఫీగా లేదు. అధికారులు మొరాయించారు, న్యాయమూర్తి మళ్ళీ మళ్ళీ కలుగజేసుకోవలసి వచ్చింది. లించ్ గారికీ మేయరుకూ చెడింది. ఐక్య వేదికే మధ్యలో విసిగి తప్పుకుంది, మిగిలినవారు మోసుకుపోయారు. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ బలప్రయోగాలు తగ్గాయి. ఇతర పట్టణాలవారు వచ్చి చూసి నేర్చుకున్నారు. పని పూర్తయిందని మాత్రం అనను. 2015లో అదే పట్టణంలో ఒక విశ్వవిద్యాలయ పోలీసు మరో నల్లజాతి వ్యక్తిని కాల్చి చంపాడు. నెహెమ్యా కట్టిన గోడకైనా కావలివాళ్ళు రోజూ ఉండవలసి వచ్చింది కదా.

ప్రియులారా, ఇది చదివాక నేను అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము మళ్ళీ తీశాను. ఫిలిప్పీలో పౌలు సీలలను విచారణ లేకుండా బట్టలు లాగి బెత్తములతో కొట్టారు, బొండలో కాళ్ళు బిగించారు. మధ్యరాత్రి వారు పాడిన సంగతి మనకు బాగా తెలుసు, దాని మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో! తెల్లవారాక జరిగింది మాత్రం తక్కువ మాట్లాడుకుంటాం. అధికారులు, "వాళ్ళను చప్పుడు లేకుండా పంపించేయండి" అన్నట్టుగా కబురు పెట్టారు. పౌలు కదల్లేదు. బహిరంగంగా కొట్టి రహస్యంగా పంపుతారా, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు.

గమనించండి, అదే రాత్రి అదే పౌలు చెరసాల నాయకుడి ప్రాణం కాపాడాడు. ఆ నాయకుడు వారి గాయాలు కడిగి, భోజనం పెట్టి, ఇంటివారితో బాప్తిస్మం పొందాడు. మనిషిని క్షమించడం ఒకటి, తప్పును కప్పిపెట్టడం ఒకటి. పౌలు మొదటిది చేశాడు, రెండోదానికి ఒప్పుకోలేదు. మనం ఈ రెండింటినీ ఒకటిగా చేసి, దానికి "ప్రార్థన చేసుకుందాం" అని పేరు పెడుతున్నామేమో అని నాకు భయం వేసింది. ప్రార్థన చేసుకుందామన్నవాళ్ళలో నేనూ ఎన్నోసార్లు ఉన్నాను.

పౌలు తన పౌరసత్వపు హక్కును ఎత్తి చూపాడు. మనకూ హక్కులున్నాయి. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా, ప్రయాణ సమయం కాకుండా, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని మన రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంది. అరెస్టు కాగితం రాసి సాక్షి సంతకం తీసుకోవాలని, ఇంట్లోవాళ్ళకు కబురు చేయాలని, వైద్య పరీక్ష చేయించాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ మన జిల్లాలోనూ ఉంది.

మరుసటి వారం ఆ తల్లితో మేము ఆరుగురం వెళ్ళాం. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి దెబ్బలు రాయించాం. తరువాత తారీకులు, గంటలు వేసి అర్జీ రాసి, పై అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. టైర్లు తగలబెడదామన్న కుర్రాడే ఆ అర్జీ తన చేత్తో రాశాడు. ఊరుకుందామన్న పెద్దాయనే ముందు సాక్షి సంతకం పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా చెప్పలేను. కాని ఆ తల్లి ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కలేదు.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డను, ఆ తల్లిని, అతన్ని కొట్టిన ఆ పోలీసులను కూడా జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువా, విచారణ లేకుండా కొట్టబడిన నీకు మా బిడ్డల గాయాలు తెలుసు. మాకు పగ వద్దు, భయమూ వద్దు. నిజం చెప్పే నోరు, చివరిదాకా నిలిచే ఓపిక దయచేయుము. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి